చిన్న ఫుడ్ యూనిట్‌లో కరెంటు, కట్టెలు ఎక్కడ పోతున్నాయి? మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ చిన్న ఫుడ్ ప్రాసెసింగ్ యూనిట్లు నడిపేవాళ్లవే. ఎండబెట్టేవాళ్లు, పొడులు ఆడించేవాళ్లు, పండ్ల గుజ్జు తీసేవాళ్లు, పాలు కాచి ప్యాక్ చేసేవాళ్లు, అందరి బాధా ఒక్కటే: సరుకు అంతే తయారవుతోంది, బిల్లు మాత్రం పెరుగుతోంది. పేర్లు వద్దని కొందరు కోరారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: నెలాఖరు వస్తోందంటేనే టెన్షన్‌గా ఉంటోంది. మాది పొడులు తయారుచేసే చిన్న యూనిట్. ఎలక్ట్రీషియన్‌ని అడిగితే లైట్లన్నీ ఎల్‌ఈడీ చేయమన్నాడు. ఇంకొకాయన వచ్చి మీటరు పక్కన ఒక 'పవర్ సేవర్' డబ్బా పెడితే బిల్లు మూడో వంతు తగ్గుతుందన్నాడు. ఏది ముందు చేయమంటారు?

జవాబు: డబ్బా కొనకండి. ఎల్‌ఈడీలు మంచివే, పాత లైటు పోయినప్పుడల్లా మార్చుకుంటూ పోండి, కానీ పెద్ద మోటార్లు, హీటర్లు తిరిగే చోట లైట్ల వాటా చాలా తక్కువ. మీ డబ్బూ ఓపికా అక్కడే ఖర్చు చేసేస్తే అసలు చోటికి వచ్చేసరికి రెండూ మిగలవు.

ముందు ఒక నోటు పుస్తకం తీసుకుని మీటరు దగ్గర పెట్టండి. పొద్దున పని మొదలుపెట్టే ముందు ఒకసారి, రాత్రి అన్నీ కట్టేసి తాళం వేసేటప్పుడు ఒకసారి రీడింగ్ రాయండి. రాత్రి రీడింగ్‌కీ మర్నాడు పొద్దుటి రీడింగ్‌కీ ఉన్న తేడాయే ఎవరూ లేనప్పుడు కాలిన కరెంటు. కోల్డ్ రూమ్, ఫ్రీజర్ లాంటివి లేని యూనిట్‌లో అది సున్నాకి దగ్గరగా ఉండాలి. అలా లేదంటే ఏదో ఒకటి రాత్రంతా తిరుగుతోందన్నమాట, ఒక్కో స్విచ్ ఆపుతూ మీటరు చూస్తే అది దొరికిపోతుంది.

తర్వాత వారానికోసారి రెండు అంకెలు పక్కపక్కన రాయండి, ఎన్ని కిలోల సరుకు తయారైంది, ఎన్ని యూనిట్లు కాలాయి. ఉదాహరణకి ఒక వారం 1,000 కిలోలకు 900 యూనిట్లు, ఇంకో వారం 2,000 కిలోలకు 1,300 యూనిట్లు అయ్యాయనుకుందాం. అదనంగా చేసిన 1,000 కిలోలకు పట్టింది 400 యూనిట్లే కదా. అంటే మొదటి వారం కూడా సరుకు మీద ఖర్చైంది 400 యూనిట్లే, మిగతా 500 మీరు ఎంత చేసినా, అసలేమీ చేయకపోయినా కాలిపోయేవే. యంత్రాలు వేడెక్కడానికి, సరుకు లేకుండా ఖాళీగా తిరగడానికి, గాలి లీకులకి, ఆపడం మర్చిపోయిన బ్లోయర్లకి పోయేదంతా అందులోనే ఉంటుంది. ముందు ఆ 500లోనే వెతకండి. రెండు వారాల లెక్కతో తేల్చేయకుండా ఎనిమిది పది వారాలు రాసి, గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టి చూడండి, గీత దానంతటదే కనబడుతుంది.

ఇక 'పవర్ సేవర్' సంగతి. ఆ డబ్బాల్లో సాధారణంగా ఉండేది ఒక చిన్న కెపాసిటర్. అది పవర్ ఫ్యాక్టర్‌ని, అంటే లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వాటాని, కాస్త సరిచేస్తుంది. మీటరు లెక్కపెట్టే యూనిట్లు మాత్రం నిజంగా పనికి వాడుకున్న కరెంటువి కాబట్టి అవి దాదాపు అలాగే ఉంటాయి. మీ బిల్లులో పవర్ ఫ్యాక్టర్ తక్కువగా ఉందని జరిమానా పడుతుంటేనో, డిమాండ్ ఛార్జీ (మీరు లాగే గరిష్ఠ లోడు మీద వేసే రుసుం) పనికిరాని వాటా కూడా కలిపి కొలిచే కేవీఏల్లో వేస్తుంటేనో అప్పుడు మీ మోటార్లకు తగిన సైజు కెపాసిటర్లు లెక్కకట్టి పెట్టించుకోవడం నిజంగా లాభమే, అది గోడకు తగిలించే డబ్బాతో అయ్యే పని కాదు. అందుకే బిల్లులో చివరి అంకె ఒక్కటే చూడకుండా లోపలి వరసలన్నీ చదవండి. డిమాండ్ ఛార్జీ ఎక్కువగా ఉంటే పొద్దున్నే అన్నీ ఒకేసారి ఆన్ చేసే అలవాటు మానుకోవాలి. చాలా చోట్ల డిమాండ్‌ని 15 నిమిషాలకో 30 నిమిషాలకో సగటు తీసి చూస్తారు. ఒక హీటర్ వేడెక్కాక ఇంకొకటి వేస్తే పైసా పెట్టుబడి లేకుండా ఆ వరస తగ్గుతుంది.

ప్రశ్న: మేము ఆకుకూరలు, కూరగాయల ముక్కలు ఎండబెట్టి అమ్ముతాం. కరెంటు హీటర్లతో నడిచే ట్రే డ్రైయర్ ఉంది. ఒక్కో బ్యాచ్‌కి 12 నుంచి 14 గంటలు పడుతోంది. కడిగాక కాసేపు జల్లెడలో వడకట్టి నేరుగా ట్రేల్లో పరిచేస్తాం. డ్రైయర్ పాతదైపోయింది కాబట్టి కొత్తది కొనాలా?

జవాబు: కొనే మాట తర్వాత, మీ ఉత్తరంలో 'కాసేపు జల్లెడలో వడకట్టి' అన్న చోటే నా కన్ను ఆగిపోయింది. ఆహారం ఎండబెట్టడమంటే నీటిని బయటికి పంపడమే, ఆ నీరు ద్రవంగా పోతే ఖర్చు వేరు, ఆవిరిగా పోతే ఖర్చు వేరు. ఒక కిలో నీటిని 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీల దాకా వేడి చేయడానికి 0.09 యూనిట్ సరిపోతుంది. అదే కిలో నీటిని 100 డిగ్రీల దగ్గర ఆవిరిగా మార్చడానికి 0.63 యూనిట్ కావాలి, దాదాపు ఏడు రెట్లు. ఇది ప్రకృతి లెక్క, ఎంత మంచి హీటరైనా దీన్ని మార్చలేదు. పైగా వేడి గాలితో నడిచే డ్రైయర్లలో వేడి బయటికి పోవడం మామూలే కాబట్టి అసలు ఖర్చు కిలో నీటికి ఒక యూనిట్, ఒకటిన్నర యూనిట్ దాకా వెళ్తుంది, సరిగా చూసుకోని చోట ఇంకా ఎక్కువ.

ఇప్పుడొక లెక్క చూడండి. ట్రేల్లోకి 100 కిలోల ఆకు వెళ్లింది, అందులో నీరు 90 శాతం. అసలు పదార్థం 10 కిలోలే. దాన్ని 10 శాతం తేమ దాకా ఎండబెడితే చివరికి 11 కిలోలు మిగులుతుంది, దాదాపు 89 కిలోల నీరు ఆవిరి కావాలి. అదే ఆకుని డ్రైయర్‌లో పెట్టే ముందే నీరు విదిల్చి 85 శాతం తేమకు తెచ్చారనుకోండి, అప్పుడు లోపలికి వెళ్లేది 67 కిలోలే, ఆవిరి కావాల్సింది 56 కిలోలే. చూడటానికి 90కీ 85కీ తేడా 5 అంకెలే, డ్రైయర్ మీద పడే బరువు మాత్రం మూడో వంతు కన్నా ఎక్కువ తగ్గిపోయింది. కడిగిన ఆకు మీద అంటుకుని ఉండే నీరే చాలా ఉంటుంది. దాన్ని తీయడానికి బట్టలు ఆరేసే స్పిన్నర్ పద్ధతిలోనే గిరగిరా తిప్పి నీరు చిమ్మే ఆహార పదార్థాల స్పిన్నర్లు దొరుకుతాయి. అవి తీసుకునే కరెంటు ఆవిరి చేసే ఖర్చుతో పోలిస్తే ఎన్నదగినది కాదు. స్పిన్నర్ లేకపోతే వాలుగా ఉన్న జాలీల మీద పలచగా పరిచి మామూలు ఫ్యాను గాలికి గంటసేపు వదిలినా ఫలితం ఉంటుంది, అంతకన్నా ఎక్కువసేపు తడిగా వదిలేయకండి, చెడిపోవడం మొదలవుతుంది. పండ్ల ముక్కల విషయంలో మాత్రం పిండడం, నొక్కడం చేయొద్దు, నీటితో పాటు రుచీ చక్కెరా పోతాయి. వాటికి పైనున్న తడి తీస్తే చాలు.

రెండో విషయం ముక్క మందం. లోపలి తేమ ముక్క మధ్యలోంచి అంచు దాకా ప్రయాణం చేసి రావాలి, మందం రెట్టింపైతే సమయం రెట్టింపు కన్నా చాలా ఎక్కువే పెరుగుతుంది, సిద్ధాంతం ప్రకారం నాలుగు రెట్ల దాకా. అంతకన్నా ముఖ్యం, ముక్కలన్నీ ఒకే మందంలో ఉండటం. ఒకే ట్రేలో పలచనివీ మందమైనవీ కలిసి ఉంటే మందమైన ముక్కే బ్యాచ్ ఎన్ని గంటలో నిర్ణయిస్తుంది, పలచనివి ఎప్పుడో ఎండిపోయి ఊరికే కూర్చుంటాయి. కత్తి పదును, స్లైసర్ బ్లేడు సెట్టింగ్ వారానికోసారి చూసుకోవడం కూడా కరెంటు పొదుపే.

మూడోది, గాలి బయటికి పోయే దారిలో తెరిచి మూసే తలుపు, డ్యాంపర్. చాలా చోట్ల దాన్ని మొదటి గంటలో ఎలా తెరిచారో చివరి గంట దాకా అలాగే ఉంచేస్తారు. మొదట్లో తేమ దండిగా వస్తుంది కాబట్టి పూర్తిగా తెరవాల్సిందే, మూసేస్తే లోపల గాలి తడితో నిండిపోయి ఎండటం ఆగిపోతుంది. సగం బ్యాచ్ దాటాక ముక్కల్లోంచి వచ్చే తేమ బాగా తగ్గిపోతుంది, అప్పుడు బయటికి పోయేది పొడి వేడి గాలి, అంటే మీరు డబ్బు పెట్టి వేడి చేసిన గాలిని అలాగే వీధిలోకి వదిలేస్తున్నారు. బయటికి పోయే దారిలో ఒక చిన్న తేమ మీటరు పెట్టి, తేమ పడిపోయాక డ్యాంపర్‌ని దశలవారీగా మూస్తూ అదే గాలిని మళ్లీ లోపల తిప్పండి. మీ డ్రైయర్‌కి ఆ తిప్పే దారి లేకపోతే ఫ్యాబ్రికేటర్‌తో ఒక డక్ట్ వేయించడం పెద్ద పనేమీ కాదు. అదే సమయంలో ఫ్యాను వేగం కూడా తగ్గించొచ్చు. ఫ్యాను వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే అది తీసుకునే పవర్ దాదాపు సగానికి పడిపోతుంది, ఎందుకంటే పవర్ వేగానికి మూడో ఘాతంలో మారుతుంది. వేగం మార్చే ఈ పరికరాన్ని వీఎఫ్‌డీ అంటారు, రోజూ 12 గంటలు తిరిగే ఫ్యానుకి అది తగిన ఖర్చే.

ఇంకొకటి, అతిగా ఎండబెట్టడం. చెడిపోతుందేమోనన్న భయంతో ఎందుకైనా మంచిదని ఇంకో గంట ఉంచేస్తారు. ఆ చివరి గంటలో పోయేది గుప్పెడు నీరు, కాలేది మాత్రం పూర్తి గంట కరెంటు, పైగా అమ్మే సరుకు బరువు కూడా తగ్గుతుంది. సూక్ష్మజీవులకు అందుబాటులో ఎంత నీరుందో చెప్పే వాటర్ యాక్టివిటీ అనే కొలత 0.6 కన్నా తగ్గితే సూక్ష్మజీవులు పెరగలేవు. మీ సరుకుకి ఆ స్థాయి ఎంత శాతం తేమ దగ్గర వస్తుందో ఒకసారి ల్యాబ్‌లో తేల్చుకుని, ఆ తర్వాత తేమ మీటరుతో చూసి దించేయండి. చేత్తో విరిచి చూసి చెప్పే అనుభవం విలువైనదే, దాని పక్కన ఒక అంకె కూడా ఉండాలి.

తలుపు రబ్బరు అంచులు, గోడల ఇన్సులేషన్ ఒకసారి చేత్తో తడిమి చూడండి, బయటి గోడ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే అది మరమ్మతు చేయాల్సిన చోటు. ఇవన్నీ అయ్యాక కూడా కొత్త డ్రైయర్ కావాలనిపిస్తే అప్పుడు హీట్ పంప్ డ్రైయర్లను చూడండి. అవి బయటికి పోయే గాలిలోని తేమను చల్లార్చి నీరుగా మార్చి, అందులోంచి వచ్చిన వేడిని తిరిగి లోపలికే ఇస్తాయి, అందుకే ఒక యూనిట్‌తో ఒక కిలో నుంచి మూడు కిలోల నీటిని, కొన్ని అంతకన్నా ఎక్కువ తీయగలవు. ఉష్ణోగ్రత 60 డిగ్రీల చుట్టుపక్కల చాలు అనుకునే ఆకులకీ పండ్లకీ బాగా సరిపోతాయి. పాత పద్ధతిలో తడి ఆకునే అందులో కుక్కితే మాత్రం ఆ కొత్త యంత్రం కూడా మిమ్మల్ని నిరాశపరుస్తుంది.

ప్రశ్న: మా దగ్గర కట్టెలతో నడిచే చిన్న బాయిలర్, చుట్టూ ఆవిరి తిరిగే రెండో గోడ, అంటే జాకెట్, ఉన్న మూడు కెటిల్స్ ఉన్నాయి. గుజ్జు, సాస్‌లు ఉడికిస్తాం. రెండేళ్లలో కట్టెల వాడకం బాగా పెరిగింది, సరుకు పెరగలేదు. బాయిలర్ పనైపోయిందా?

జవాబు: పనైపోయిందనుకునే ముందు కట్టెల్ని చూడండి. పచ్చి కట్టెలో సగం బరువు నీరే ఉంటుంది, ఆ నీటిని ఆవిరి చేశాకే మీ బాయిలర్‌కి వేడి అందుతుంది. 20 శాతం తేమ ఉన్న కట్టె కిలోకి దాదాపు 4 యూనిట్ల వేడి ఇస్తే, 50 శాతం తేమ ఉన్నది అందులో సగానికి కాస్త అటూ ఇటూగా ఇస్తుంది. బరువు లెక్కన కొంటున్నారు కాబట్టి నీటికి కూడా డబ్బు కడుతున్నారు. కొన్న వెంటనే వాడకుండా, చీల్చి, పైన కప్పు ఉండి పక్కల గాలి ఆడే చోట నెలల తరబడి పేర్చి ఉంచగలిగితే వాడకం తగ్గడం మీరే చూస్తారు.

తర్వాత పొగ గొట్టంలో ఒక థర్మామీటర్ పెట్టించండి. కడిగి శుభ్రం చేసిన మర్నాడు ఎంత ఉందో రాసుకోండి. అదే ఆవిరి ఒత్తిడి దగ్గర ఆ అంకె వారం వారం పెరుగుతోందంటే, లోపల మసి గానీ, నీటి వైపు పొలుసు (నీటిలోని లవణాల గట్టి పొర) గానీ పేరుకుని వేడి నీటికి చేరకుండా గొట్టంలోంచి పోతోందని అర్థం. పొగ ఉష్ణోగ్రత 20, 22 డిగ్రీలు పెరిగితే దాదాపు ఒక శాతం ఇంధనం నష్టం. మసి అయితే బ్రష్‌తో పోతుంది. పొలుసు అయితే నీటిని మెత్తబరిచే సాఫ్టెనర్ ఉందో లేదో, ఉంటే అది పని చేస్తోందో లేదో చూడాలి, ఇది కట్టెల విషయం మాత్రమే కాదు, పొలుసు పట్టిన ట్యూబ్ విపరీతంగా వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది. పొదుపు పేరుతో సేఫ్టీ వాల్వ్ జోలికి వెళ్లొద్దు, అవసరమైన బ్లోడౌన్ (బాయిలర్ నీటిని కొంత బయటికి వదలడం) ఆపొద్దు.

కెటిల్స్ జాకెట్‌లోంచి వచ్చే వేడి నీరు ఎటు పోతోంది? ఉత్తరంలో రాయలేదు. కాలవలోకి వదిలేస్తుంటే అది ముందు ఆపాల్సిన నష్టం. ఆ కండెన్సేట్ (ఆవిరి చల్లబడి మారిన నీరు) అప్పటికే శుద్ధమైన, వేడి నీరు, దాన్ని పైపు వేసి ఫీడ్ ట్యాంకుకి తెచ్చుకోండి. బాయిలర్‌లోకి వెళ్లే నీరు 6 డిగ్రీలు వేడెక్కితే ఒక శాతం ఇంధనం మిగులుతుందని పాత లెక్క, 30 డిగ్రీల నీటి బదులు 80 డిగ్రీల నీరు వెళ్తే ఎంత మిగులుతుందో మీరే గుణించుకోండి. కెటిల్‌లో సరుకు అడుగంటి మాడుతుందా, జాకెట్‌లో చిల్లు పడి నూనె గానీ గుజ్జు గానీ ఆ నీటిలో కలుస్తోందా అన్నది మాత్రం చూసుకోవాలి, కలిసిన నీరు బాయిలర్‌కి పనికిరాదు. ప్రతి కెటిల్ కింద ఉండే స్టీమ్ ట్రాప్ (నీటిని వదిలి ఆవిరిని ఆపే వాల్వ్) తెరుచుకుపోయి ఇరుక్కుంటే ఆవిరి నేరుగా బయటికి పోతుంది, అవతల చివర బుసబుసమని ఆగకుండా ఆవిరి వస్తోందంటే దాన్ని విప్పించండి.

ఆవిరి పైపులకు లాగింగ్, అంటే వేడి పోకుండా చుట్టే కప్పు, ఉందా? 2 అంగుళాల పైపు ఏమీ కప్పకుండా వదిలేస్తే, ఆవిరి 6 బార్ ఒత్తిడిలో ఉన్నప్పుడు ఒక్క మీటరు పొడవే 400 వాట్ల పైన వేడిని గదిలోకి వదిలేస్తుంది. పైపు కప్పి వాల్వులూ ఫ్లాంజ్‌లూ వదిలేయడం అందరూ చేసేదే, వాటికి విప్పి తొడిగే జాకెట్లు దొరుకుతాయి.

చివరగా మూత. కెటిల్ ఉడుకు పట్టాక మంట తగ్గించినా, కుతకుతలాడించినా లోపల ఉష్ణోగ్రత ఒకటే, 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. గట్టిగా మరిగిస్తే త్వరగా ఉడుకుతుందని మనకి అలవాటైన నమ్మకం, జరిగేది మాత్రం ఎక్కువ నీరు ఆవిరవడం. పైన చెప్పిన ఏడు రెట్ల లెక్క ఇక్కడా వర్తిస్తుంది. సాస్ చిక్కబడాలి అంటే నీరు పోవాల్సిందే, అప్పుడు మూత తీయండి, ఉడకడానికి మాత్రమే అయితే మూత వేసి ఆవిరి వాల్వ్ తగ్గించండి. చిక్కబరచడానికి మొదట్లో వేసే నీరు తగ్గించగలరేమో కూడా చూసుకోండి, ఉదయం బకెట్లతో పోసిన నీటిని సాయంత్రం కట్టెలతో బయటికి పంపడం అవసరమా?

ప్రశ్న: పాలు పాశ్చరైజ్ చేస్తాం. ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తే గ్యాస్ మిగులుతుందని మా అబ్బాయి అంటున్నాడు. చేయొచ్చా?

జవాబు: వద్దు. 63 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు, లేదా 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు అన్నవి రోగకారక క్రిముల్ని చంపడానికి పెట్టిన కనీస హద్దులు, వాటి కిందికి వెళ్లడం పొదుపు లెక్కలోకి రాదు. అబ్బాయికి ఇంకో పని చెప్పండి. బయటికి వచ్చే వేడి పాలతో లోపలికి వచ్చే చల్లటి పాలను వేడి చేసే రీజెనరేషన్ భాగం మీ ప్లేట్ యూనిట్‌లో ఎంత బాగా పని చేస్తోందో కొలవమనండి. 4 డిగ్రీల పాలు 72కి చేరాలంటే 68 డిగ్రీలు పెరగాలి. రీజెనరేషన్ 90 శాతం ఉంటే అందులో 61 డిగ్రీలు ఊరికే వస్తాయి, గ్యాస్ ఇవ్వాల్సింది దాదాపు 7 డిగ్రీలే, చల్లార్చే ఖర్చు కూడా అంతే తగ్గుతుంది. ప్లేట్ల మీద పొర పేరుకుంటే ఆ శాతం పడిపోతుంది. మీది పెద్ద గిన్నెలో కాచే బ్యాచ్ పద్ధతి అయితే, చల్లార్చడానికి మొదట వాడిన నీరు వేడెక్కుతుంది కదా, దాన్ని ట్యాంకులో పట్టి కడగడానికి వాడుకోండి. 1,000 లీటర్ల నీటిని 50 డిగ్రీలు వేడి చేయడానికి 58 యూనిట్ల వేడి కావాలి, అది చిన్న విషయం కాదు.

ప్రశ్న: కోల్డ్ రూమ్ కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటోంది. గ్యాస్ తగ్గిందేమో అని రెండుసార్లు చూపించాం, సరిపడా ఉందన్నారు. గదిని కాస్త ఎక్కువ చల్లగా పెడితే త్వరగా ఆగుతుందా?

జవాబు: ఆగదు, ఇంకా ఎక్కువ తిరుగుతుంది. లోపలి కాయిల్‌ని ఒక డిగ్రీ ఎక్కువ చల్లబరిచినందుకు 2, 3 శాతం ఎక్కువ కరెంటు అవుతుంది. మీ సరుకుకి 4 డిగ్రీలు చాలు అంటే 4 దగ్గరే ఉంచండి, గడ్డకట్టించిన సరుకుకి మైనస్ 18 సరిపోతే మైనస్ 24 ఎందుకు?

మీరు లోపల పెట్టేటప్పుడు సరుకు ఎంత వేడిగా ఉంటోంది? 500 కిలోల గుజ్జుని 80 డిగ్రీల వేడితోనే లోపలికి తోసేస్తే, 30 డిగ్రీల దాకా దించడానికే కంప్రెసర్‌కి 10 యూనిట్ల దాకా పడుతుంది, పక్కనున్న సరుకూ వేడెక్కుతుంది. ఆ పని కెటిల్ జాకెట్‌లో మామూలు నీటితో చేయించండి, త్వరగా చేయించండి, ఎందుకంటే 60 నుంచి 5 డిగ్రీల మధ్య ఆహారం ఎక్కువసేపు ఉండకూడదు.

వేడిని బయటికి వదిలే బయటి కండెన్సర్‌కి ఎండ తగులుతోందా, పక్కనే బాయిలర్ ఉందా, రెక్కల్లో పిండి దుమ్ము, జిడ్డు పట్టి ఉందా చూడండి. పొడులు, నూనెలు ఉండే యూనిట్లలో ఇవి నెల తిరిగేసరికే మూసుకుపోతాయి. లోపలి కాయిల్ మీద మంచు దట్టంగా ఉంటే మంచు కరిగించే డీఫ్రాస్ట్ సమయం సరిచేయించండి. తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి మూసి లాగండి, తేలిగ్గా వచ్చేస్తే రబ్బరు మార్చాలి. ప్లాస్టిక్ పట్టీల తెర ఉండి, అడ్డమని పక్కకి కట్టేసి ఉంటే ముడి విప్పండి. ఎల్‌ఈడీలు ముందు పెట్టాల్సిన చోటు ఇదే, లోపల వెలిగే ప్రతి వాటూ చివరికి వేడిగా మారుతుంది, దాన్ని బయటికి పంపడానికి మళ్లీ కరెంటు పెట్టాలి.

ప్రశ్న: ప్యాకింగ్ మెషీన్ కోసం ఎయిర్ కంప్రెసర్ పెట్టాం. మెషీన్ వాడకపోయినా అది మాటిమాటికీ ఆన్ అవుతోంది.

జవాబు: లీకులు. సాయంత్రం పని ఆగాక, హాలు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు సబ్బు నీరు, బ్రష్ పట్టుకుని ప్రతి జాయింటూ చూడండి. ఎంత పోతోందో తెలియాలంటే, గాలి వాడే పరికరాలన్నీ ఆపేసి కంప్రెసర్ ఒక్కటే ఆన్‌లో ఉంచి గడియారం చూడండి. ఒక నిమిషం తిరిగి నాలుగు నిమిషాలు ఆగుతోందంటే దాని సామర్థ్యంలో ఐదో వంతు లీకులకే పోతోంది. 6, 7 బార్ దగ్గర 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒక్కటే దాదాపు 3 కిలోవాట్లు తింటుంది. మెషీన్‌కి 5 బార్ చాలు అంటే 8 బార్ పెట్టకండి, ఒక్కో బార్ తగ్గిస్తే 6, 7 శాతం మిగులుతుంది. టేబుళ్ల మీద పిండి ఊదడానికి ఆ గాలి వాడకండి, దుమ్ము లేచి సరుకు మీద పడుతుంది, బ్రష్ గానీ వాక్యూమ్ గానీ వాడండి.

ప్రశ్న: గ్రైండర్ 7.5 కిలోవాట్ మోటారు కాలిపోయింది. ఇంతకుముందు రెండుసార్లు రీవైండింగ్ చేయించాం. మళ్లీ చేయించాలా, కొత్తది కొనాలా?

జవాబు: రోజుకి గంటో రెండు గంటలో తిరిగేదైతే రీవైండింగ్ చేయించండి. రోజంతా తిరిగేదైతే కొత్తది, ఐఈ3 గానీ ఆ పైది గానీ కొనండి (ఐఈ అన్నది మోటార్ల సామర్థ్య తరగతి, అంకె పెరిగేకొద్దీ మెరుగు). ఈ సైజులో 4 పోల్ మోటారుకి ఐఈ1 సామర్థ్యం 86 శాతం, ఐఈ3కి 90.4 శాతం. ఏడాదికి 3,000 గంటలు పూర్తి లోడు మీద తిరిగితే తేడా దాదాపు 1,270 యూనిట్లు, అజాగ్రత్తగా చేసిన రీవైండింగ్‌తో పాత మోటారు ఇంకో శాతం అటో ఇటో పడిపోయి ఉండొచ్చు కూడా. కొనే ముందు తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరుతో పాత లోడు ఎంతో అంచనా వేసుకోండి, సగం లోడు కూడా లేకపోతే చిన్న మోటారే సరిపోతుందేమో. ఎందుకు కాలిందో కూడా కనుక్కోవాలి, బేరింగా, వోల్టేజీ తేడానా, గ్రైండర్ రాళ్లు అరిగి లోడు పెరిగిందా? కారణం అలాగే ఉంటే కొత్తదీ కాలుతుంది.

ప్రశ్న: ఎన్నిసార్లు చెప్పినా మావాళ్లు యంత్రాలు ఖాళీగా తిప్పుతూనే ఉంటారు. ఓవెన్ గంట ముందే వేసేస్తారు. కోప్పడితే మానేస్తామంటారు.

జవాబు: కోప్పడకండి, ముందు ఎందుకలా చేస్తున్నారో అడగండి. ఓవెన్ వేడెక్కడానికి నిజంగా ఎంతసేపు పడుతుందో వాళ్లకి ఎవరూ చెప్పి ఉండరు, ఆలస్యమైతే తిట్లు తినాల్సి వస్తుందని ముందే వేస్తారు. ఒకరోజు అందరి ఎదురుగా కొలవండి. 25 నిమిషాలు చాలు అని తేలితే ఆ అంకెని ఓవెన్ మీదే పెద్దగా రాయండి. కన్వేయర్ ఆపితే మళ్లీ మొదలవడానికి ఇబ్బంది పెడుతుందని ఆపరు, అలా ఉంటే అది రిపేరు విషయం. బ్యాచ్‌ల మధ్య ఖాళీ సరుకు రాక ఆలస్యమవడం వల్ల వస్తుంటే అది మీరు ప్లాన్ చేయాల్సింది, వాళ్ల తప్పు లేదు. ఒక బ్యాచ్ దిగగానే ఇంకోటి ఎక్కేలా, ఎక్కువ వేడి కావాల్సినవి ముందు, తక్కువ వేడివి తర్వాత వచ్చేలా వరస రాయండి. మొదటి జవాబులో చెప్పిన నోటు పుస్తకం రాసే పని వాళ్లలోనే ఒకరికి అప్పగించండి, ప్రతి సోమవారం కిలోకి ఎన్ని యూనిట్లు పడ్డాయో బోర్డు మీద రాయించండి, మిగిలిన దాంట్లో వాళ్లకీ ఒక వాటా ఇవ్వండి. వాళ్లు రోజంతా ఆ యంత్రాల పక్కనే ఉంటారు, ఏది వృథాగా పోతోందో మీకన్నా ముందు వాళ్లకే కనిపిస్తుంది.

ప్రశ్న: ఇదంతా ఎందుకు, పైకప్పు మీద సోలార్ ప్యానెళ్లు పెట్టేస్తే సరిపోదా?

జవాబు: పెట్టండి, నేను వద్దనను. ఇప్పటి వాడకం చూసి సైజు నిర్ణయిస్తే మాత్రం లీకులకీ తడి ఆకుకీ కూడా ప్యానెళ్లు కొన్నట్టే అవుతుంది. ముందు ఆర్నెల్లు పైన చెప్పిన వాటిలో మీకు వర్తించేవి చేసి, తగ్గిన వాడకాన్ని చూసి అప్పుడు సైజు లెక్కకట్టించండి. పగలు ఎంత, రాత్రి ఎంత వాడుతున్నారో విడిగా రాసి ఇవ్వండి, మీ డ్రైయర్ రాత్రి నడిస్తే మధ్యాహ్నం వచ్చే కరెంటు దానికి అందదు, బ్యాచ్‌ని పగటికి మార్చగలరేమో ముందే తేల్చుకోండి. మీ అవసరంలో పెద్ద భాగం 60 డిగ్రీల వేడి నీరే అయితే ప్యానెళ్ల కన్నా ముందు సోలార్ వాటర్ హీటర్ ధర కనుక్కోండి, ఎండని నేరుగా వేడిగా మార్చడానికి అంత కప్పు స్థలం కూడా అక్కర్లేదు.